నామం తెగిన మధ్యాహ్నం

నేను ఒక మైకుని. నా ముందు రామనామం ఆగిపోయి ఇంకా ఎంతో సేపు కాలేదు, అప్పుడే లంకలగరువు ఊరు ఊరంతా రామాలయం వైపు పరిగెత్తుకొస్తోంది.

ఐదు రోజులుగా కొబ్బరిచెట్లకు కట్టిన లౌడ్‌స్పీకర్లలో ఆ నామం మోగుతూనే ఉంది. ఆ మోత కిందే జనం అన్నాలు తిన్నారు, ఆవకాయలు కలుపుకున్నారు, గట్ల తగాదాలు పడ్డారు, మధ్యాహ్నం కునుకులు తీశారు. ఒక్కరైనా వింటున్నారా అని నాకు అనుమానంగా ఉండేది. తీరా ఆగాక తెలిసింది, అందరూ వింటూనే ఉన్నారని. నిద్రపోతున్నవాళ్లు కూడా దిగ్గున లేచి కూర్చున్నారు. కాని వాళ్ల చెవుల్లో ఉన్నది నామమే, పాడుతున్న గొంతు ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు.

సప్తాహమంటే ఏడు రోజులూ నామం ఆగకూడదు. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు అందుకోవాలి. వాళ్లు అందుకున్నాకే వీళ్లు తాళాలు దించాలి. మధ్యలో ఊపిరంత ఖాళీ వచ్చినా నామం తెగినట్టే, మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టవలసిందే. పైగా తెంచినవాళ్లు ఊరి ఎదుట నిలబడి తమ పేరు తామే చెప్పుకోవాలి. లంకలగరువులో తాతలనాటి కట్టడి అది. అంతవరకూ ఆ కట్టడితో ఎవరికీ పని పడలేదు.

ముందుగా నిందపడింది నా యజమాని బాబ్జీ మీద.

"ఒరే మైకోడా, నీ డబ్బా సెట్టు తగలెయ్యా! నామం పోయిందిరా!" అంటూ దూసుకొచ్చాడు కమిటీ పెద్ద సత్తిరాజు. భుజం మీద తువ్వాలు, బనీను, నిద్రమొహం.

పందిరి బయట ఆంప్లిఫయరు దగ్గర కునుకుతున్న బాబ్జీ ఒక్క గంతు వేశాడు. "నా సెట్టుకేమైందండీ? కరెంటుందా? ఫ్యాన్లు తిరుగుతున్నాయా? అదిగో, ఇప్పుడు నామం వినపడతందా లేదా?"

వినపడుతోంది. ఎందుకంటే అప్పటికే నా ముందు నూకరత్నం నిలబడి ఉంది. తాళాలు పట్టుకుని, ఎగశ్వాస మీద, నామం మళ్లీ ఎత్తుకుని పాడుతోంది. కుడిచేతికి మణికట్టు దాకా పప్పన్నం మెతుకులు. నోటి పక్కన కూడా ఒకటి అంటుకుని ఉంది. వెనక స్తంభానికి ఆనుకుని ముసలి మంగాయమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గుడి పందిట్లో ఇంకెవరూ లేరు.

చూసినవాళ్లకు ఇంకేం కావాలి? వంతు ఆడవాళ్ల జట్టుది. ఆ జట్టుకి ముందు నిలిచేది నూకరత్నం. చేతులు ఎంగిలి. నామం వదిలేసి అన్నానికి పోయింది. తీర్పు గుమ్మంలోనే అయిపోయింది.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. తాళాలు అందుకునే ముందు నూకరత్నం వాటి కింద నుంచి తెల్లటి గుడ్డ ఒకటి లాగి బొడ్లో దోపుకుంది.

నేను చూశాను. అంతకు ముందు జరిగిందీ చూశాను. నామం ఆపింది ఎవరో నాకు తెలుసు. కాని నా బతుకు అలాంటిది. ఎవరైనా మాట్లాడితేనే నేను మాట్లాడగలను.

ఉత్తరాదిన ఎక్కడో ఒక కార్ఖానాలో నన్ను బిగించారు. ఇనుప వల నా తలకాయ. దాని వెనక ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి ఉంటుంది, అదే నా ప్రాణం. మాట తగిలితే అది వణుకుతుంది. ఆ వణుకు తీగలో పడి ఊరంతా పోతుంది. నాలో ఉన్న విద్య అంతే. అట్టపెట్టెలో రాజమండ్రి వచ్చాను, అక్కడ బాబ్జీ చేతిలో పడ్డాను. మొదటి పని ఎన్నికల ఆటోలో. ఒకే గొంతు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి ప్రాణమిస్తానంది. రెండుసార్లూ అంతే నిజాయితీగా వణికాను. ఆ తర్వాత పెళ్లిళ్లు, చర్చిలో ఉజ్జీవ సభలు, దర్గాలో ఉరుసు, తప్పిపోయిన గేదె కోసం చాటింపులు. ఒకే వారంలో ముగ్గురు దేవుళ్ల కొలువులో పనిచేసిన రోజులున్నాయి.

మనుషుల్లో నాకు వింతగా తోచేది ఒకటుంది. నమ్మకం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చినవాడు కూడా ముందు నా నెత్తిన రెండు మొట్టికాయలు వేసి, "హలో, హలో" అని చూసుకుంటాడు. దేవుణ్ని నమ్మమని చెప్పబోతూ నన్ను నమ్మడు.

నా మెడ మీద చిన్న మీట ఉంది. పైకి తోస్తే లోకం వింటుంది. కిందికి లాగితే నేనొక్కదాన్నే వింటాను. మనుషుల అసలు మాటలన్నీ మీట కిందికి ఉన్నప్పటివే.

పలివెల అబ్బులు గారి మాటలూ అలాంటివే.

అబ్బులు గారు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ భజన గురువు. కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎప్పుడు తలుపులు ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసుకుంటూ, మిగిలిన పొద్దంతా నామం పట్టుకుని బతికాడు. భుజం మీద తెల్ల కండువా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. నామం ఎత్తుకుంటే ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారేవి. నేను కొత్తగా ఆయన ముందుకు వచ్చిన రోజుల్లో ఆ గొంతు తగిలితే నా పొర మామూలుగా వణికేది కాదు. గేదె చాటింపుకీ దానికీ తేడా నాకు కూడా తెలిసేది.

తర్వాత ఎప్పుడో అది ఎండిపోయింది.

ఆయన కారణం వెతికాడు. దొంగతనం జరిగిన ఇంట్లో జాడ వెతికినట్టు మూలమూలా వెతికాడు. ఇంట్లో చావు లేదు. ఒంట్లో జబ్బు లేదు. ఎవరికీ ద్రోహం చేసిన గుర్తు లేదు. భార్య వీరలక్ష్మి ఎప్పటిలాగే దిబ్బరొట్టె కాల్చి పెడుతోంది, ఎప్పటిలాగే తిడుతోంది. ఏమీ జరగలేదు. ఒక పొద్దున లేచి నామం ఎత్తుకుంటే, బావిలో బొక్కెన వేసినప్పుడు నీళ్ల చప్పుడు రావలసిన చోట రాతి చప్పుడు వచ్చింది. అంతే. ఆ రోజు నుంచి అదే చప్పుడు.

మీట కిందికి లాగి నా దగ్గర గొణుక్కోవడం తప్ప ఎవరికీ చెప్పలేదు. గొంతు అలాగే ఉంది, శ్రుతి తప్పలేదు. కన్నీళ్లు రావడం మానేశాక కళ్లు మూసుకుని పాడడం మొదలుపెట్టాడు. జనం అది ఇంకా గొప్ప భక్తి అనుకుని కాళ్లకు మొక్కారు. మొక్కినవాళ్ల తలల మీద ఆయన చెయ్యి ఆనీ ఆనకుండానే తీసేసుకోవడం నేను చూసేదాన్ని.

లంకలగరువు సప్తాహం మొదలయ్యే రోజున, ఇంకా జనం రాకముందు, ఆయన ఒక్కడే వచ్చి నా మెడ పట్టుకున్నాడు. మీట కిందికే ఉంది. నా నెత్తిన మెల్లిగా రెండుసార్లు తట్టాడు.

"హలో," అన్నాడు. "ఉన్నావా?"

నన్నే అడిగాడనుకున్నాను. నన్ను కాదని ఐదో రోజు మధ్యాహ్నం గాని తెలియలేదు.

ఆ మధ్యాహ్నం వైశాఖం ఎండ పందిరి తాటాకుల్లోంచి సూదుల్లా దిగుతోంది. ఆడవాళ్ల జట్టులో ఒకామెకు వడదెబ్బ తగిలింది, తోడికోడలు ఆమెను ఇంటికి దింపి రావడానికి వెళ్లింది. మిగిలింది నూకరత్నం, మంగాయమ్మ. మంగాయమ్మ అప్పటికే స్తంభానికి చేరగిలబడి కళ్లు మూసుకుంది. నూకరత్నం ఒక్కతే పాడుతోంది. పొద్దుట నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని అబ్బులు గారు గమనించాడు. లోపలికి వచ్చి, పక్కన నిలబడి నామం అందుకుని, పాడుతూనే తాళాలు తీసుకున్నాడు. చేత్తో సైగ చేశాడు, వెళ్లి ఎంగిలిపడమని. ఆమె దండం పెట్టి తడిక వెనక ఉన్న వంటపాకలోకి వెళ్లింది.

గురువుగారు ఒక్కరే మిగిలారు. నేనూ ఆయనా.

కొంతసేపు పాడాడు. ఆ గొంతులో రాళ్లు దొర్లుతున్నాయి. తర్వాత ఆయన కళ్లు తెరిచి గర్భగుడి వైపు చూశాడు. అంత సూటిగా ఆయన అటు చూడడం చాలా రోజులకు చూశాను. చేతిలో తాళాలు నెమ్మదించాయి. భుజం మీది కండువా తీసి మడిచి నేలమీద పరిచాడు. దాని మీద తాళాలు పెట్టాడు.

నామం ఆపేశాడు.

పొరపాటున కాదు, అలిసిపోయీ కాదు. కావాలనే ఆపాడు. ఆపి, తల కొంచెం పక్కకు వంచి, విన్నాడు. జనం నా నెత్తి మీద కొట్టి చూసినట్టే ఆయన దేవుణ్ని కొట్టి చూశాడు. ఉన్నవాడివైతే ఇప్పుడైనా ఒక్క మాట అను, కోపంగానైనా అను, అన్నట్టుంది ఆ నిలబడడం.

ఫ్యాను కిర్రుమంది. మంగాయమ్మ గురక పెట్టింది. దీపం వత్తి చిటపటమంది. గర్భగుడిలోంచి ఏమీ రాలేదు.

అప్పుడు తడిక వెనక నుంచి వచ్చింది. చాలా సన్నగా, ముద్దకీ ముద్దకీ మధ్య, పప్పన్నం నములుతున్న నోటితో, అలవాటు మీద, తను అంటున్నట్టు తనకే తెలియకుండా, నూకరత్నం నామం అంటోంది.

అబ్బులు గారి మొహం పాలిపోయింది. దొంగను పట్టుకుందామని దీపం వెలిగిస్తే అద్దంలో తన మొహమే కనిపించినవాడిలా ఒక్క క్షణం నిలబడిపోయాడు. మరుక్షణం పక్క గుమ్మంలోంచి దిగి కాలవ గట్టు వైపు గబగబా వెళ్లిపోయాడు. అంతటితో పాకలో ఆమెకూ తెలిసింది పందిట్లో చప్పుడు లేదని. విస్తరి ముందు నుంచి అలాగే లేచి పరిగెత్తుకొచ్చింది. తరవాతి సంగతి మీకు చెప్పాను.

మగవాళ్ల జట్టు వచ్చి నామం అందుకున్నాక, సత్తిరాజు పందిరి పక్కనే గుడి అరుగు మీద పంచాయితీ పెట్టాడు.

"ఏమ్మా నూకరత్నం, వంతు నీదా కాదా?"

"నాదేనండి."

"నామం తెగిందా లేదా?"

ఆమె తల వంచుకుంది. "పందిట్లో ఆగిందండి."

"ఎవరు ఆపేరు?"

ఆమె ఎంగిలి చేతిని చెంగుకు తుడుచుకుంది.

"మంగాయమ్మత్తా, నువ్వు చూశావా?"

"సూడకేం? కళ్లు మూసుకుని జ్ఞానం సేత్తన్నాను గానీ, అంతా తెలుత్తానే ఉంది."

"ఏం తెలిసింది?"

"నువ్వు అరిసేక మెలకువొచ్చిందని తెలిసింది."

నలుగురూ నవ్వారు. సత్తిరాజు నవ్వలేదు. ఈ అవకాశం కోసం ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు. ఆడవాళ్ల చేతికి తాళాలివ్వడం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. అబ్బులు గారే తన అరుగు మీద కూర్చోబెట్టి వాళ్లకు నేర్పి, మొండికేసి పందిట్లోకి తెచ్చాడు. నూకరత్నానికి మొగుడు పోయాడు, పిల్లల్లేరు, కూలిపని చేసుకుని బతుకుతుంది. ఊళ్లో ఆమెను పిలిచి ముందు నిలబెట్టే చోటు ఆ పందిరి ఒక్కటే.

అప్పుడే కాలవ గట్టు మీద నుంచి అబ్బులు గారు వచ్చాడు. కాళ్ల నిండా దుమ్ము.

"రా బావా, నీ శిష్యురాలి నిర్వాకం చూడు," అన్నాడు సత్తిరాజు. "ఆడోళ్లకి తాళం ఇవ్వద్దని ఆ రోజే మొత్తుకున్నాను. ఇన్నావా? సాయంత్రం దీపాలయేళకి ఇది ఊరి ముందు మైకులో పేరు చెప్పుకుంటాది. ఇక ఆడాళ్ల జట్టు లేదు. రేపొద్దున్న మళ్లీ మొదటి నుంచి నామం. ఏవంటావ్?"

అబ్బులు గారు మొహం తుడుచుకోబోయి ఖాళీ భుజం తడుముకున్నాడు.

"అదేంటి, కండువా ఏది బావా? నిన్నెప్పుడూ కండువా లేకుండా చూళ్లేదే!"

"గట్టు మీద... ఎక్కడో జారిపోయినట్టుంది."

నూకరత్నం చెయ్యి బొడ్డు దగ్గరికి వెళ్లింది. అంతే. తల ఎత్తలేదు.

బాబ్జీకి మాత్రం కడుపు మండిపోయింది. తన సెట్టును ముందుగా అనుమానించారన్న ఉక్రోషంతో నన్ను ఊడదీసి, కొత్తగా కొన్న వైరు లేని మైకును నామానికి పెట్టాడు. నన్ను వంటపాక వెనక ముక్కాలిపీట మీద పెట్టి, నా తలకాయ విప్పి దుమ్ము దులిపి, స్క్రూడ్రైవరు కోసం ఎటో వెళ్లాడు. తీగ లేదు. ఇప్పుడు నేను విన్నది నాలోనే ఉండిపోతుంది.

అబ్బులు గారు అక్కడికి వచ్చి కూలబడ్డాడు. ఆ వెనకే నూకరత్నం వచ్చింది. బొడ్లోంచి కండువా తీసింది.

"మీ కండువా అండి."

ఆయన చెయ్యి చాపలేదు. "ఎక్కడ దొరికింది?"

"తాళాల కింద. ఒట్టి నేల మీద తాళాలు ఎట్టకూడదని మీరే కదండి నేర్పేరు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు మరి?"

"ఏటని సెప్పమంటారండి? గురువే ఆపేసేడంటే ఊరోళ్లు నామాన్నే నమ్మటం మానేత్తారు. నేనాపేనంటే నన్నొక్కదాన్నీ తిట్టుకుంటారు."

"నిన్నొక్కదాన్నేనా? మీ జట్టంతా పోతాది."

ఆమె కండువాను మళ్లీ మడత పెట్టింది. "అదీ తెలుసండి," అంది.

పందిట్లోంచి మగవాళ్ల నామం వస్తోంది. అబ్బులు గారు నేల వైపు చూస్తూ అన్నాడు: "నాకు లోపల ఏమీ లేదు నూకరత్నం. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. నోరు అంటది, చెవులు వింటాయి. మధ్యలో ఎవరూ లేరు. ఇందాక ఆపేసి చూశాను. ఏదైనా వినపడుద్దేమోనని."

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె నేలమీద చతికిలబడి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"మీకు పోయిందంటన్నారు. నాకసలు ఎప్పుడుందండి?"

ఆయన తలెత్తాడు.

"మీరు కళ్లమ్మట నీళ్లెట్టుకుని పాడతంటే, అమ్మబాబోయ్, ఈయనకేదో కనపడిపోతంది అనుకునేదాన్ని. నాకూ కనపడుద్దేమోనని ఇంతింత కళ్లేసుకుని సూసేదాన్ని. ఏవీ కనపళ్లేదు. ఒక్కనాడూ కళ్లు సెమర్చలేదు. నాకు లేని అదృట్టం అనుకుని, అయినా అంటానే ఉన్నాను. అనకపోతే ఏం సేత్తానండి?"

"అన్నం తింటా కూడా అంటన్నావు."

"ఎవరు?"

"నువ్వే. ఇందాక. నేనాపి వింటే నాకు వినపడింది నీ గొంతే."

నూకరత్నం నాలిక కరుచుకుంది. "ఛీ ఛీ! ఎంగిలి నోటితోనా? సెంపలేసుకోవాలి," అంటూ నిజంగానే చెంపలు వేసుకుంది. తర్వాత ఏదో తట్టినట్టు ఆగింది. "అయితే మరి నామం తెగలేదా అండి?"

ఆ ప్రశ్నే ఆయన్ని కాలవ గట్టు దాకా తరిమింది.

"కాలవలో నీళ్లు లేవు," అన్నాడు అటే చూస్తూ. "గట్టు మీద నిలబడి చూశాను. అంతా బీటలు."

"వైశాఖంలో కాలవ కట్టేత్తారు కదండీ. లస్కరు ఉజ్జోగం సేసిన మీకు నేను సెప్పాలా? కట్టేసినప్పుడు మీరు ఇంటికెళ్లి ముసుగు తన్ని పడుకునేవోరా?"

"పడుకుంటే ఎలా? పూడిక తీయించొద్దూ? గట్లకి గండ్లు పడితే పూడ్పించొద్దూ?"

"నేనూ తీసేను, మీ కిందే. బురద తట్టలు మోసి మెడ ఇరిగిపోయేది. నీళ్లు ఒత్తాయని అప్పుడు మీకెవరు సెప్పేరండి?"

"ఎవరు చెప్తారు? ఎగువన వదిలితే వస్తాయి."

"ఒక్కో ఏడు ఆలీసంగా వదిలేవోరు. ఆశాడం ఎల్లిపోయినా ఒచ్చేయి కావు."

"వచ్చేయి కావు."

"అయినా తీయించేవోరు."

అబ్బులు గారు ఆమె వైపు చూశాడు. ఆమె కండువాను విప్పదీసిన నా తలకాయ మీద పడేసి లేచింది. "సాయంత్రం నేనే సెప్పుకుంటాను. మీరు నోరెత్తకండి. మిమ్మల్ని సూసి అంటన్నోళ్లు సేనామంది ఉన్నారు."

ఆమె వెళ్లిపోయింది. కండువా కింద నాకేమీ కనిపించలేదు. ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. ఏడుపు కాదు. ఏడుపు వస్తే బాగుండునని చూసే మనిషి ఊపిరి. చివరికి ఆయన చెయ్యి వచ్చి కండువా తీసింది. భుజం మీద వేసుకోలేదు. మడిచి గుప్పిట్లో పట్టుకుని వెళ్లాడు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ సాయంత్రమే నా ఆఖరి పని. ఆ తర్వాత నా పొర చిరిగింది. ఇప్పుడు బాబ్జీ కొట్టులో తెగిన తీగలతో, కాలిపోయిన బల్బులతో కలిసి ఒక ప్లాస్టిక్ తొట్టిలో పడి ఉన్నాను. అబ్బులు గారికి ఆ తడి తిరిగొచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. నాకు తెలిసింది ఆ సాయంత్రం వరకే.

దీపాలు పెట్టే వేళకు బాబ్జీ నన్ను బిగించి, పొడుగాటి తీగ తగిలించి, గుడి ముందు మెట్టు మీద నిలబెట్టాడు. లోపల కొత్త మైకు ముందు మగవాళ్ల జట్టు నామం చేస్తోంది. దాని గొంతు బాగా తగ్గించాడు. ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్కగా ఆడవాళ్ల జట్టు నిలబడింది. వడదెబ్బ తగిలినామె కూడా లేచి వచ్చింది. వాళ్ల తాళాలన్నీ ఒక పళ్లెంలో పోగుపోసి సత్తిరాజు తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఆ పళ్లేన్ని చూసి మంగాయమ్మ ముక్కు చీదుతోంది. ఈసారి నిద్రపోవడం లేదు.

సత్తిరాజు నా నెత్తిన టకటకా కొట్టాడు. "హలో, హలో. మహాజనులారా! మన ఊరి సప్తాహంలో నామం తెగింది. తెంచినోళ్లు ఇప్పుడు మీ అందరి ముందూ పేరు చెప్పుకుంటారు. నూకరత్నం, రా ఇలాగ."

ఆమె వచ్చింది. నా మెడ పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. ఆమె కూడా అలవాటు చొప్పున నా నెత్తిన ఒక్కసారి తట్టింది.

"నా పేరు..." అంది. ఊరంతా ఆమె ఊపిరి విన్నది. "నా పేరు..."

"కానీ, కానీ," అన్నాడు సత్తిరాజు.

"ఆగు," అన్న మాట వెనక నుంచి వచ్చింది.

జనం చీలిపోయి దారి ఇచ్చారు. అబ్బులు గారు మెట్లెక్కాడు. గుప్పిట్లోని కండువా విప్పి మెట్టు మీద పరిచాడు. సత్తిరాజు కాళ్ల దగ్గరి పళ్లెం తీసి దాని మీద పెట్టాడు. నూకరత్నం ఒక్కతే తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దని.

"బావా, నువ్వు చెప్పాల్సింది తరవాత చెబుదువుగాని. ముందు దాన్ని చెప్పనీ."

"దానికి చెప్పుకోడానికేం లేదు సత్తిరాజూ. ఇటివ్వమ్మా."

ఆమె వేళ్లు నన్ను వదల్లేదు. ఆయన ఒక్కొక్క వేలే విడదీశాడు. నా మెడ ఆయన చేతిలోకి వచ్చింది. మీట పైకి ఉందో కిందికి ఉందో ఆయన చూడలేదు. నా నెత్తి మీద తట్టలేదు. హలో అనలేదు. ఇన్నేళ్లలో నన్ను కొట్టి చూడకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

"నామం తెగలేదు," అన్నాడు. ఆ మాట కొబ్బరిచెట్ల మీద నుంచి కాలవ దాటి పోయింది. "పందిట్లో ఆగినప్పుడు తడిక వెనక ఈవిడ అంటానే ఉంది. అన్నం తింటా అంటంది. నేను విన్నాను. వినడానికి అక్కడ నేనే ఉన్నాను."

సత్తిరాజు ఒక అడుగు ముందుకు వేశాడు. "మరి పందిట్లో ఆపిందెవరు? పేరు చెప్పు బావా. కట్టడి కట్టడే. పేరు చెప్పాలి."

ఆయన గొంతు ఎండిపోయి ఉంది. నాకు తగిలింది ఆ ఎండే, తడి కాదు. కాని నా పొర వణికింది. కొత్తలో వణికినట్టు వణికింది. వెనక నుంచి లోపలి నామం సన్నగా నాలోకి వస్తూనే ఉంది. ఆడవాళ్ల వైపు ఎవరో పెదాలు కదుపుతున్నారు. ఆయన కళ్లు మూసుకోలేదు.

"అబ్బులు," అన్నాడు. "పలివెల అబ్బులు. ఆపింది నేనే."